గుణుపూరు వైపు గెడ్డల్లో ఒంటరి కనూ, ఫ్లై గాలం: ముందు పడవను నిలపండి

అడిగిన ప్రశ్న: "రాయగడ జిల్లా గుణుపూరు దగ్గర ఉంటున్నాను. వంశధారలో కలిసే గెడ్డల్లో ఒక్కడినే చిన్న కనూ వేసుకుని ఫ్లై గాలం వేయాలని ఉంది. ఏ రాడ్, ఏ ఈక, ఏ నెలలు? పడవ ఊరికే తిరిగిపోతోంది, ఏం చేయాలి?"

కొత్తవాళ్ళ కోసం ఒక మాట: గెడ్డ అంటే వాగు, కనూ అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. ఫ్లై గాలంలో లైను బరువుతోనే ఎరను విసురుతాం; ఆ ఎర ఈకలతో, దారంతో పురుగులా కట్టినది, దాన్నే ఇక్కడ ఈక అంటున్నాం. మీరు చివర అడిగినదానితోనే మొదలుపెడతాను. రాడ్ ఏదైనా నాలుగు రోజులకు చేతికి అలవాటవుతుంది. పడవ నిలవకపోతే మాత్రం లైను బిగిసి ఈకను నీటి మీద ఈడ్చుకుపోతుంది. అలా ఈడ్చుకుపోయే ఈకను పరిగె కూడా ముట్టదు.

పడవ 10 నుంచి 12 అడుగులు, బరువు 20 కిలోల లోపు ఉండాలి. కార్తీకం దాటాక వంశధార చాలా చోట్ల వెడల్పాటి ఇసుక, నడుమ సన్నటి పాయలే. దిగి మోయక తప్పదు. కూర్చునే పలక నడిమధ్యకు జానెడు వెనక్కి ఉండాలి. గాలం వేసేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చోండి, అడుగున మందపాటి ఫోమ్ ముక్క పరుచుకోండి. నిలబడి వేసే ఆలోచన పెట్టుకోవద్దు. ఒంటరి పడవకు అంత వెడల్పు ఉండదు.

పడవ తిరిగిపోవడానికి కారణం చాలాసార్లు గాలే. మీరు కాస్త వెనక కూర్చుంటారు కాబట్టి అణియం, అంటే ముందు కొన, పైకి లేస్తుంది. గాలి దాన్ని పట్టి తిప్పుతుంది. 10 లీటర్ల ఖాళీ డబ్బా ఒకటి వెంట ఉంచుకోండి. ఎదురుగాలి ఉంటే దాన్ని నది నీటితో నింపి, మూత బిగించి ముందు కొనలో పెట్టండి. గాలి వీపు వైపు నుంచి వస్తుంటే వెనక్కి జరపండి. గాలి లేకపోతే పారబోయండి. ఆ 10 కిలోలతో పడవ నడక మొత్తం మారిపోతుంది. తెడ్డు రెండు కొసలదైతే ఒక చేత్తో కూడా నాలుగు పోట్లు వేయొచ్చు. దానికి సన్నతాడు కట్టి పడవకు తగిలించండి. చేప తగిలిన హడావిడిలో మొదట జారిపోయేది తెడ్డే.

నెమ్మదిగా పారే నీళ్ళలో లంగరు కంటే ఈడ్పు గొలుసు మేలు. కిలో నుంచి కిలోన్నర ఇనుప గొలుసు, రెండడుగుల ముక్క తీసుకుని పాత సైకిల్ ట్యూబులో దూర్చి రెండు కొసలూ కట్టండి. ట్యూబు లేకపోతే రాళ్ళ మీద గొలుసు మోత మడుగంతా వినిపిస్తుంది. దాన్ని అమరం నుంచి, అంటే వెనక కొన నుంచి, వదిలితే ఇసుక అడుగున పడవ నడక వేగం సగానికి పడిపోతుంది, ముందు కొన దిగువకే చూస్తుంది. బండలున్న చోట, నీరు తెల్లగా విరిగే చోటుకు ముందే పైకి లాగేయాలి. బండ సందులో ఇరుక్కుంటే వెనక కొన ఆగిపోతుంది, నీళ్ళు లోపలికి ఎక్కుతాయి.

లంగరు వేయాలంటే 2 కిలోలది చాలు. తాడు లోతుకు మూడింతలు ఉండాలి: నిలువు లోతుకు 6 మీటర్లు. తాడును ఎప్పుడూ కొనకే కట్టాలి. పారే నీళ్ళలో పక్క అంచుకు కడితే పడవ అడ్డం తిరుగుతుంది, ఎగువ అంచు కిందికి వంగుతుంది, రెండు మూడు క్షణాల్లో బోల్తా. ముడి ఒక్క లాగుకు ఊడేలా వేయండి, మెడలో చిన్న కత్తి ఉంచుకోండి. నీళ్ళు గట్టిగా లాగుతుంటే లంగరు జోలికే పోవద్దు, ఒడ్డుకు చేర్చి దిగి వేయండి.

ఇక లైను. కనూలో ఊడిన లైను పాదాల చుట్టూ, బోల్టులకూ, చెప్పుల బకిల్‌కూ చుట్టుకుంటుంది. చేప లాగినప్పుడు పుటుక్కున తెగేది అక్కడే. తడిపిన గావంచా ఒళ్ళో పరిచి లైను దాని మీదే పడేలా లాగండి. తడి గుడ్డ గాలికి లేవదు. 8, 9 మీటర్లకు మించి లైను బయటికి తీయకండి. గెడ్డ వెడల్పే అంతకంటే ఉండదు.

రాడ్ ఒక్కటే కొనాలంటే 5 నంబరు (ఎంత బరువు లైనుకు సరిపోతుందో చెప్పే అంకె), ఎనిమిదిన్నర అడుగులు. కింద కూర్చుని వేస్తాం కాబట్టి మరీ పొట్టిదైతే వెనక్కి పోయే లైను రెల్లులో చిక్కుకుంటుంది. 9 అడుగులు దాటితే కానుగ, మద్ది కొమ్మల కింద తిప్పలేరు. తేలే లైను చాలు. చల్లటి దేశాల కోసం చేసిన లైను మన మే నెల ఎండకు మెత్తబడి రాడ్ రింగులకు అతుక్కుంటుంది. ట్రాపికల్ రకం లైను జనవరి తెల్లవారుజామున స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. ట్రాపికల్ రకమే తీసుకుని, చలికాలంలో వేసే ముందు బారెడు బారెడు చొప్పున చేతులతో సాగదీయండి.

లీడర్, అంటే లైను కొసకూ ఈకకూ మధ్య కట్టే సన్నదారం, మామూలు నైలాన్ దారంతో ఇంట్లోనే కట్టుకోవచ్చు: 0.50 మిల్లీమీటర్ల దారం 1 మీటరు, 0.35ది 60 సెంటీమీటర్లు, 0.25ది 40, చివర 0.20ది 50. ముడులు బిగించే ముందు ఉమ్మితో తడపండి, లేకపోతే దారం వేడెక్కి ముడి దగ్గర బలం పోతుంది. కొరమేనుకైతే చివరి రెండు ముక్కలూ తీసేసి 0.30 దారం 70 సెంటీమీటర్లు కట్టండి. దాని పళ్ళకు సన్నదారం నిలవదు.

వెనక ఖాళీ లేని చోట రోల్ కాస్ట్, అంటే లైనును పూర్తిగా వెనక్కి విసరకుండా ముందుకు దొర్లించే విసురు, ఒక్కటి వస్తే చాలు. లైను ముందు నీటి మీద పరుచుకుని ఉండాలి. రాడ్‌ను నెమ్మదిగా చెవి దాకా తెచ్చి ఒక క్షణం ఆపండి, భుజం వెనక లైను విల్లులా వేలాడాక ముందుకు విసరండి. ఆ క్షణం ఆగనివాళ్ళకే లైను కాళ్ళ ముందు కుప్పగా పడుతుంది. గాలి కుడి నుంచి ఉంటే ఎడమ భుజం మీదుగా వేయండి. ముల్లు చెవికి గుచ్చుకోకుండా టోపీ, కళ్ళద్దాలు తప్పనిసరి. గాలాల కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న మొనను పట్టకారుతో నొక్కేసి ఉంచండి.

ఈకల్లో కొరమేనుకు, మట్టగిడసకు పాపర్, అంటే నీటి మీద తేలుతూ లాగినప్పుడు టప్‌మనే ఈక. ఈ చేపలనే మన ఊళ్ళలో ఒడియావాళ్ళు శెవుళొ, గొడిశ అంటారు. పాపర్‌కు కొనాల్సింది గాలమొక్కటే, పొడుగు కాడ ఉన్న 6 నంబరుది. హవాయి చెప్పు అడుగు నుంచి 10 మిల్లీమీటర్ల లావు, 15 మిల్లీమీటర్ల పొడవు ముక్క కోయండి. కాడకు ముందుగా దారం దగ్గరగా చుట్టాలి. వట్టి ఇనుము మీద జిగురు పెడితే రెండు విసుర్లకు రబ్బరు గిర్రున తిరుగుతుంది. రబ్బరుకు చీలిక మధ్యలోకి కాకుండా అడుగు అంచుకు దగ్గరగా పెట్టండి, అప్పుడు రబ్బరులో ఎక్కువ భాగం కాడకు పైనే ఉంటుంది. రబ్బరు కిందికి దిగితే కాడకూ ముల్లుకూ మధ్య సందు మూసుకుపోతుంది. చేప టప్పున కొడుతుంది, ఏమీ గుచ్చుకోదు. "కొడుతోంది కానీ పడటం లేదు" అనే ఫిర్యాదులో సగం ఇదే. తోకకు నాటుకోడి పుంజు మెడ ఈకలు నాలుగు, రెండు అటు, రెండు ఇటు విచ్చుకునేలా కట్టండి. 0.45 దారంతో వంపు నుంచి కన్ను దాకా ఒక ఉచ్చు కడితే తుంగలో, గుర్రపుడెక్కలో చిక్కుకోదు.

కొరమేను నీటి పైకి వచ్చి గాలి పీల్చక తప్పదు. ఒక బుడగ, ఒక చిన్న సుడి కనిపిస్తుంది. సరిగ్గా దాని మీద వేస్తే బెదురుతుంది. మీటరు అవతల వేసి, అలలు సద్దుమణిగే దాకా నాలుగు క్షణాలు ఆగి, బెత్తెడు బెత్తెడు చొప్పున లాగండి. కొట్టగానే రాడ్ ఎత్తకండి. నోరంతా ఎముక, పైకెత్తితే ముల్లు జారిపోతుంది. రాడ్ నీటి వైపే ఉంచి, ఎడమ చేత్తో లైనును గట్టిగా ఒక్కసారి వెనక్కి గుంజండి. తరవాత రాడ్ పడవ ముందు కొన వైపే ఉండాలి. పక్కకు వంగి పోరాడితే చేపకంటే ముందు మీరు నీళ్ళలో ఉంటారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వానాకాలంలో నీటి మీద ఎర్రగా, నారింజ రంగులో ముద్దలా కదిలే పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ గాలం వేయకండి. కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి, దేనికైనా కొడతాయి, పట్టడం చాలా తేలిక. పెద్దదాన్ని తీసేస్తే ఆ గుంపును మిగతా చేపలు తినేస్తాయి.

గండిపరిగె, చిన్న పరిగెలకు 12, 14 నంబరు గాలం మీద గోధుమరంగు దారం, ముందు 2.5 మిల్లీమీటర్ల ఇత్తడి పూస. వీటికి రాడ్ కొన మెల్లగా ఎత్తితే చాలు. తొలకరి వాన పడిన సాయంత్రం ఉసిళ్ళు లేచిన రోజు మాత్రం వేరే ఈక అక్కర్లేదు: గోధుమరంగు ఫోమ్ సన్నముక్క, మీద పడుకోబెట్టిన రెండు తెల్ల ఈకలు.

కాలం: జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా ఒంటరిగా నీళ్ళలోకి వద్దు. పై కొండల్లో పడ్డ వాన కింద ఎండగా ఉన్నప్పుడే వచ్చేస్తుంది. 2017 జూలైలో నాగావళి, కల్యాణి పొంగి రాయగడ జిల్లాలో రైలు వంతెననే పట్టుకుపోయాయి. అక్టోబరులోనూ తుపాను హెచ్చరిక చూసుకోండి, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. నవంబరు నుంచి నీరు తేటపడుతుంది. డిసెంబరు, జనవరిలో ఎండ ఎక్కాక 10 నుంచి 3 దాకా మంచిది. మార్చి తరవాత తెల్లవారుజాము 5.30 నుంచి 8.30. మే చివర మడుగులు కుంచించుకుపోతాయి, చేపలన్నీ ఒకచోటే ఇరుక్కుంటాయి. అప్పుడు వాటిని వదిలేయడమే న్యాయం.

దిగగానే నీటి అంచున పుల్ల గుచ్చండి. అరగంటలో అది రెండు వేళ్ళు మునిగినా, నీళ్ళలో ఎండుటాకులూ నురగా మొదలైనా, బయటికి రండి. ఆనకట్టకు, చెక్‌డ్యాంకు 50 మీటర్ల ముందే ఒడ్డెక్కి పడవ మోసుకుని దాటండి. ఎంత పొట్టి గోడైనా దాని కింద నీరు వెనక్కి తిరిగి, పడవను గోడకే ఆనించి తిప్పుతుంది. ఇసుక తవ్విన గోతుల దగ్గర మోకాలి లోతు పక్కనే నిలువు లోతు ఉంటుంది, తెడ్డుతో పొడిచి చూశాకే దిగండి. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, పడవలో కాదు. ఒడ్డున కరెంటు తీగ లాగి ఉన్నట్టు కనిపిస్తే ఆ మడుగులో వేలు కూడా పెట్టకండి.

ప్లాస్టిక్ సీసాలు వరసగా తేలుతుంటే అది వల. కొసకు పోయి దాటండి, తెడ్డుతో ఎత్తకండి. పంచాయతీ లీజుకిచ్చిన మడుగులు కొన్ని ఉంటాయి, ముందు ఊళ్ళో అడగాలి. సవర పల్లెల రేవుల్లో స్నానాల వేళ పోకపోతే మర్యాద. గజపతి జిల్లాలోని లఖారీ లోయ అభయారణ్యంలో గాలం వేయడం నేరం, అక్కడ ఏనుగులు కూడా తిరుగుతాయి.

మొదటి మూడు నాలుగు సార్లు రాడ్ ఇంట్లోనే ఉంచి, నిలిచిన మడుగులో పడవా, డబ్బా, గొలుసుతోనే తిరగండి. నడుం లోతులో కావాలనే ఒకసారి బోల్తా కొట్టించి, తిరిగి ఎక్కడం నేర్చుకోండి. కళ్ళ ముందున్న ఒక్క రెల్లు దుబ్బుకు 8 మీటర్ల దూరంలో పడవను రెండు నిమిషాలు కదలకుండా ఉంచగలిగిన రోజు రాడ్ ఎక్కించండి.