వేట బ్యాగు కొనేముందు తిరుగు ప్రయాణం బరువు చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఉండేది విశాఖలో మధురవాడ వైపు, ఆదివారాలు గాలం పట్టుకుని రాళ్ల మీదకు వెళ్తారు, నెలకో రెండు నెలలకో కొండల్లోని పాడేరు వెళ్లినప్పుడు సంతలో మేకమాంసం తెస్తారు. అమెరికా వేటగాళ్ల వీడియోల్లో మాంసం మోసే బ్యాగులు చూశారు. అలాంటిది ఒకటి తెప్పించుకుంటే రెండు పనులకూ సరిపోతుందా, ఏ రంగుది తీసుకోవాలి అని.

ముందు వేట అనే మాట తేల్చుకుందాం. మత్స్యకారులుండే పెదజాలారిపేటలో ఎవరింటికైనా వెళ్లి "మీ ఆయన లేడా?" అంటే "వేటకెళ్లాడు" అంటారు. అంటే పడవేసుకుని సముద్రం మీదకు వెళ్లాడని. మీ వీడియోల్లోది తుపాకీ వేట. మన దగ్గర అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కంబాలకొండ అభయారణ్యం ఊరి అంచునే ఉంది కదా అని అటు ఆలోచన పోనివ్వకండి. కాబట్టి నేను చెప్పేదంతా మన వేట గురించే, చివర్లో కొంచెం సంత మాంసం గురించి.

నేను ఏడేళ్లుగా గాలం వేస్తున్నాను. మంగమారిపేట, అప్పికొండ, అప్పుడప్పుడు భీమిలిలో గోస్తని కలిసే చోట. ఈ ఏడేళ్లలో నాలుగు బ్యాగులు మార్చాను. మొదటిది పాత ల్యాప్‌టాప్ బ్యాగు. దాని చావు ఎలా జరిగిందో చెప్తే మిగతా జవాబు సగం అర్థమవుతుంది.

ఆ రోజు మంగమారిపేటలో మూడు పార చేపలు పడ్డాయి, ఒక్కోటి కేజీన్నర పైనే. అంత అదృష్టం ఊహించలేదు కాబట్టి ఐసు లేదు. దారిలో కొట్లో అడిగి చిన్న ఐసు ముక్కలు తీసుకుని, చేపలతో కలిపి క్యారీ కవర్లో వేసి, దాని మీద ఇంకో కవరు తొడిగి, ముడేసి బ్యాగులో పెట్టాను. షేర్ ఆటో ఎక్కాను. బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాను. పార వెన్ను మీది ముల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. రుషికొండ దాటేసరికి నా ప్యాంటు తడిసింది. సాగర్ నగర్ దగ్గర పక్కనున్నాయన టిఫిన్ సంచిలోకి ఎర్రటి నీళ్లు దిగాయి. ఆయన ఏమీ అనలేదు, సంచి ఎత్తి చూశాడు, నన్ను చూశాడు. డ్రైవరు మాత్రం బండి పక్కకు తీసి "దిగండి సార్" అన్నాడు. మిగతా దూరం నడిచాను.

ఆ బ్యాగును సర్ఫులో మూడుసార్లు నానబెట్టాను. పైన వాసన పోయింది, భుజం పట్టీల్లోని స్పాంజిలో పోలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, నీచు వాసనకు కారణమైన పదార్థం క్షార గుణం ఉన్నది, దానికి పులుపు విరుగుడు. మన ఇళ్లలో చేపలను చింతపండు నీళ్లతోనో నిమ్మకాయతోనో కడిగేది ఊరికే కాదు. వెనిగర్ నీళ్లలో నానబెట్టాక కొంత తగ్గింది. అయినా మేడ మీద ఆరేస్తే వీధి పిల్లి దాని మీదే కాపురం పెట్టింది. అలాగే వదిలేశాను.

బ్యాగు ఎంచుకునేటప్పుడు అందరూ వెళ్లేటప్పటి సామాను లెక్కేస్తారు: రీలు, ఎరల డబ్బా, కత్తి, నీళ్లు, పులిహోర. అంతా కలిపి నాలుగైదు కేజీలు. దానికి ఏ కాలేజీ బ్యాగైనా చాలు. అసలు చూడాల్సింది తిరిగొచ్చేటప్పటి బరువు. మన ఎండలో చేప బరువెంతో ఐసు కూడా ఇంచుమించు అంత ఉండాలి. నాలుగు కేజీల చేప పడితే నాలుగు కేజీల ఐసు. సామానుతో కలిపి పన్నెండు, పదమూడు కేజీలు. అదీ తడి బరువు. అదీ పొద్దుటి నుంచి ఎండలో నిలబడి అలసిపోయాక, పాకుడు రాళ్లు దాటి, ఇసుకలో నడిచి, రోడ్డెక్కే వరకు.

ఐసు విషయంలో పీనాసితనం వద్దు. ముఖ్యంగా కానాగుర్తలు (మాకెరెల్), సూర (ట్యూనా) లాంటివి పడితే. ఈ జాతి చేపలు వెచ్చగా ఉండిపోతే వాటి మాంసంలో హిస్టమిన్ అనే ఒంటికి పడని పదార్థం తయారవుతుంది. అది ఎంత ఉడికించినా పోదు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి. చేప చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే చిక్కు. (కానాగుర్త శాస్త్రీయ నామంలో కూడా ఈ "కానాగుర్త" మాటే ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖ తీరంలో చేపల బొమ్మలు గీయించి, ఇక్కడివాళ్లు పిలిచే పేర్లతోనే 1803లో అచ్చు వేయించాడు. అక్కడి నుంచి ప్రపంచానికి పాకింది. బ్యాగుకు సంబంధం లేదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.)

ఇప్పుడు ఆ అమెరికా బ్యాగు సంగతి. అది ఎవరి కోసం తయారైందో చూడండి. వాళ్లు కొట్టే ఎల్క్ అనే పెద్ద దుప్పి నుంచి ఎముకలు తీసేశాక కూడా 70, 80 కేజీల మాంసం వస్తుంది. దాన్ని రోడ్డు లేని కొండల్లోంచి రెండు మూడు విడతలుగా వీపు మీద మోసుకొస్తారు. ఒక్కో విడతకు పాతిక ముప్పై కేజీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే అంత గట్టి ఫ్రేము, అంత లావు నడుము బెల్టు. ఖాళీ బ్యాగే రెండున్నర, మూడు కేజీలు తూగుతుంది. మన పన్నెండు కేజీలకు అది దండగ. తెప్పించుకోవడానికి అయ్యే ఖర్చు, కస్టమ్స్ సుంకం సరేసరి.

కానీ అందులో ఒక తెలివి ఉంది, అది మాత్రం మనం తీసుకోవాలి. ఆ బ్యాగుల్లో సంచి, ఫ్రేము విడిపోతాయి. మాంసం మూటను ఆ రెండింటి మధ్య పెట్టి బెల్టులతో బిగిస్తారు. దీంతో రెండు లాభాలు. ఒకటి, బరువైనది వీపుకు ఆనుకుని ఉంటుంది, వెనక్కి లాగదు. రెండు, మాంసం సంచి లోపలికి పోదు, కాబట్టి రక్తం బట్టలకు అంటదు.

బరువు ఒంటికి దగ్గరగా ఉండాలన్నది మనకు కొత్తేమీ కాదు. హార్బర్‌లో పొద్దున్నే చేపలు ఎత్తుకెళ్లే ఆడవాళ్లను చూడండి. తల మీద చుట్టకుదురు, దాని మీద గిన్నె, బరువంతా నిటారుగా వెన్నెముక మీదుగా దిగుతుంది. చేతులు ఊపుకుంటూ నడుస్తారు. ఒకసారి నేను బ్యాగు బరువుకు ముందుకు వంగి నడుస్తుంటే ఒకామె చూసి "ఏటి బాబూ, బస్తాని ఎనక్కి ఏలాడదీసుకుని మోస్తావేటి?" అని నవ్వింది. నా రెండో బ్యాగు తప్పు ఏమిటో ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ బ్యాగుకు చేపల సంచిని బయట, వెనక వైపు కట్టేవాణ్ని. లోపల తడవదు, నిజమే. కానీ ఏడెనిమిది కేజీలు వీపుకు జానెడు దూరంలో వేలాడుతుంటే రాయి మీద నుంచి రాయి మీదకు కాలు చాపినప్పుడల్లా ఎవరో వెనక నుంచి లాగినట్టుండేది.

ఇప్పుడు వాడుతున్నది 40 లీటర్ల మామూలు ట్రెక్కింగ్ బ్యాగు. ఇక్కడే షాపులో వేసుకుని చూసి కొన్నాను. వీపు వైపు లోపల గట్టి ప్లాస్టిక్ పలక, అల్యూమినియం పట్టీ ఉన్నాయి. నిజమైన నడుము బెల్టు ఉంది, అంటే నాడాలాంటి పట్టీ కాదు, మెత్త వేసి వెడల్పుగా ఉన్నది. వేటగాళ్ల తెలివిని దీనిలోనే ఇలా కుదుర్చుకున్నాను: నీళ్లు చొరబడని 20 లీటర్ల డ్రై బ్యాగు ఒకటి, నోరు మూడు నాలుగు మడతలు చుట్టి క్లిప్పు వేసేది, కుట్లు కాకుండా అతుకులు వేడితో అంటించినది. చేపలూ ఐసూ దానిలోకే. దాని చుట్టూ పాత యోగా మ్యాట్ కోసి చుట్టాను. ఆ చుట్టను బ్యాగులో వీపు పలకకు ఆనించి నిలబెడతాను. మిగతా సామాను దానికి బయటి వైపు సర్దుతాను. మ్యాట్ వల్ల చలువ నిలుస్తుంది, వీపుకు ముళ్లు గుచ్చుకోవు, డ్రై బ్యాగుకు కన్నం పడదు. పార లాంటి ముళ్ల చేపలైతే పాత టవల్లో చుట్టి మరీ పెడతాను.

ఐసుకు నా చిట్కా: ముందు రోజు రాత్రి లీటరు నీళ్ల బాటిళ్లు నాలుగు, మెడ దాకా నింపకుండా, ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టేటప్పుడు నీళ్లు పొంగుతాయి, నిండుగా ఉంటే బాటిల్ పగులుతుంది. మ్యాట్‌లో చుట్టి తీసుకెళ్తే మధ్యాహ్నం దాకా నిలుస్తాయి, కరిగినా నీళ్లు కారవు, దాహమేస్తే తాగొచ్చు. కాకపోతే బాటిల్ ఐసు గుండ ఐసంత త్వరగా చేపను చల్లబరచదు. పెద్ద చేప పడితే తిరిగొచ్చే దారిలో గుండ ఐసు కొని కూరండి. చేప పడగానే మొప్పలు కోసి, బకెట్ సముద్రపు నీళ్లలో రక్తం పోనిచ్చి, అక్కడే పొట్ట శుభ్రం చేసేయండి. బరువూ తగ్గుతుంది, వాసనా తగ్గుతుంది.

నడుము బెల్టు గురించి ఒక మాట. చాలామంది దాన్ని పొట్ట మీద బిగిస్తారు. అది రావాల్సింది తుంటి ఎముక పైభాగం మీద. ముందు బెల్టు అక్కడ బిగించి, ఆ తర్వాత భుజం పట్టీలు లాగాలి. సరిగ్గా కుదిరితే బరువులో ఎక్కువ భాగం కాళ్లకు దిగిపోతుంది. కొన్ని విదేశీ బ్యాగులు పొడవాటి వాళ్ల వీపు కొలతకు ఉంటాయి. ఐదున్నర అడుగుల మనిషికి బెల్టు తొడల దగ్గరకు వస్తుంది. ఆన్‌లైన్‌లో కొనొద్దని నేననేది అందుకే.

అయితే కెరటాలు తగిలే రాళ్ల మీద ఉన్నంతసేపూ నడుము బెల్టు, ఛాతీ క్లిప్పు రెండూ విప్పి ఉంచండి. జారి నీళ్లలో పడితే బ్యాగు ఒక్క విదిలింపుతో వదిలిపోవాలి. మన తీరంలో కెరటం ఎంత చప్పున లాగేస్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు. బ్యాగు పోతే పోనివ్వండి.

వీపుకు తగలకుండా జాలీ సాగదీసి ఉండే బ్యాగులు షాపులో వేసుకుంటే హాయిగా ఉంటాయి, గాలి ఆడుతుంది. మన ఉక్కపోతకు అదే మంచిదనిపిస్తుంది. నా మూడోది అలాంటిదే. ఆ జాలీ వల్ల బరువు మళ్లీ నాలుగు వేళ్లు వెనక్కి జరుగుతుంది, రాళ్ల మీద ఊగుతుంది. పైగా దాని జిప్పు పట్టుకునే ముక్క లోహంది, ఒక్క వేసవిలో ఉప్పుకు తినేసి చేతికే ఊడొచ్చింది. జిప్పుకూ బకిల్స్‌కూ లోహం తక్కువ ఉన్నదే చూడండి. ఇంటికి రాగానే ముందు బ్యాగును మంచినీళ్లతో కడగండి, స్నానం తర్వాత చేయొచ్చు.

రంగు అడిగారు కదా, ఆ ఆకుల డిజైను మిలిటరీ రంగు బ్యాగు మాత్రం వద్దే వద్దు. చేపలకు మీ బ్యాగు రంగుతో పని లేదు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు మనది. యారాడ వైపు ఒకసారి అలాంటి బ్యాగేసుకున్న మా స్నేహితుణ్ని ఆపి, సామానంతా కింద పోయించి, ఎరల డబ్బాలో రొయ్యల దాకా చూసి పంపారు. గాలం రాడ్డు పెట్టుకునే గొట్టం వీపు మీద నిలువుగా కట్టుకుంటే దూరం నుంచి ఎలా కనిపిస్తుందో మీరే ఊహించుకోండి. నారింజ రంగో లేత రంగో తీసుకోండి. ఎండకు తక్కువ వేడెక్కుతుంది, నీళ్లలో పడినా కనిపిస్తుంది.

సంత మాంసానికి వస్తే పద్ధతి తిరగబడుతుంది. చేప పట్టగానే ఐసులోకి పోవాలి. అప్పుడే కోసిన మేకమాంసం మాత్రం వేడిగా ఉంటుంది, దాన్ని వెంటనే ప్లాస్టిక్‌లో బిగిస్తే ఆ వేడికీ చెమ్మకీ ఘాట్ రోడ్డు దిగేలోపే వాసన మొదలవుతుంది. అమెరికావాళ్లు కూడా మాంసాన్ని గాలాడే గుడ్డ సంచుల్లో వేసి చల్లారాకే కడతారు. మీరు పాత పల్చటి నూలు పంచె ముక్క ఒకటి తీసుకెళ్లండి. పెద్ద ముక్కలుగా కొట్టించుకుని, దానిలో వదులుగా చుట్టి, నీడలో ఒక అరగంట గాలికి ఉంచండి. చలికాలం పొద్దున్న ఆ కొండగాలే చాలు. తర్వాత డ్రై బ్యాగులో, గడ్డకట్టిన బాటిళ్ల మధ్య. మాంసం ఐసు నీళ్లలో నానకూడదు, కాబట్టి ఇక్కడ బాటిళ్లే నయం. మాంసానికీ చేపలకూ డ్రై బ్యాగులు మాత్రం వేర్వేరు పెట్టుకోండి. మా ఇంట్లో ఒకసారి మటన్ కూర కానాగుర్త వాసన వేసింది, ఆ ఆదివారం సంగతి ఇక్కడ రాయను.

కొన్నాక చేప తగలకముందే ఒక పని చేయండి. ఐదేసి కేజీల బియ్యం సంచులు రెండు, నీళ్ల బాటిళ్లు రెండు పెట్టుకుని సింహాచలం మెట్లదారిలో సగం దాకా ఎక్కి దిగండి. భుజాల మీద గాట్లు పడితే నడుము బెల్టు పని చేయట్లేదని. దిగేటప్పుడు బ్యాగు మెడను తోస్తుంటే బరువు మరీ పైన సర్దారని. బిల్లు జాగ్రత్తగా ఉంచుకుని ఆ వారంలోనే ఇది చూసుకోండి. ఒకసారి నీచు తగిలాక ఏ షాపువాడూ వెనక్కి తీసుకోడు.