గడ్డిలో తేనెటీగ వాలింది, తాకినా ఎగరలేదు!

ప్రశ్న: మేము ఇంగ్లాండ్‌లో బెడ్‌ఫర్డ్ దగ్గర ఉంటున్నాం. జూన్‌లో మా ఆఫీసు కార్ పార్కింగ్ పక్క గడ్డిలో జానెడు మొక్క ఒకటి కనబడింది. గులాబీ రేకుల మధ్య తేనెటీగ కూర్చున్నట్టుంది, వేలితో తాకినా కదల్లేదు, తీరా చూస్తే అది పువ్వే! ఇదేం మొక్క? తవ్వి కుండీలో పెట్టుకోవచ్చా?

జవాబు: మీరు చూసింది బీ ఆర్కిడ్, శాస్త్రీయ నామం ఆఫ్రిస్ ఎపిఫెరా. బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీ పువ్వు కూడా ఇదేనండి, అదృష్టవంతులు!

గుర్తుపట్టడానికి బయటి మూడు రేకులు చూడండి, గులాబీ రంగులో ఉండాలి. అవి ఆకుపచ్చగా ఉండి పువ్వు సన్నగా ఉంటే అది ఫ్లై ఆర్కిడ్. లేట్ స్పైడర్ ఆర్కిడ్ కూడా గులాబీ రేకులతోనే ఉంటుంది కానీ బ్రిటన్‌లో అది కెంట్‌లో మాత్రమే పూస్తుంది, పైగా దాని మధ్య రేకు కొన ముందుకు పొడుచుకొస్తుంది, మీ పువ్వులో ఆ కొన వెనక్కి మడిచిపోయి ఎదురుగా కనబడదు.

ఈసారి మోకాళ్ల మీద కూర్చుని చూడండి. పైనున్న పచ్చటి ముక్కులాంటి దాని కింద రెండు బుల్లి పసుపు ముద్దలు సన్నటి కాడలకు వేలాడుతుంటాయి, అదే పుప్పొడి. మధ్యధరా దేశాల్లో మగ తేనెటీగలు ఆడదనుకుని మోసపోయి ఈ పువ్వు మీద వాలతాయి, కానీ ఇంగ్లాండ్‌లో ఆ పని దాదాపుగా జరగదు కాబట్టి ఆ ముద్దలే గాలికి ఊగి కీలాగ్రానికి అంటుకుంటాయి, తనకు తానే పరాగసంపర్కం చేసుకుంటుందన్నమాట. నాకైతే ఈ మొక్కలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

మన అరకు, మారేడుమిల్లి అడవుల్లో చాలా ఆర్కిడ్లు చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి, ఇది మాత్రం నేల మొక్క. సున్నపురాయి నేలలు, ఇసుక దిబ్బలు, పాత క్వారీలు, రైలు కట్టలు, రోడ్డు పక్క పచ్చిక దీనికి ఇష్టం. కార్ పార్కింగ్ పక్కన దొరకడం వింతేమీ కాదు.

తవ్వకండి, దయచేసి. స్థలం యజమాని అనుమతి లేకుండా అడవి మొక్కను పెకలించడం 1981 నాటి చట్టం ప్రకారం అక్కడ నేరం. దుమ్ములాంటి దీని విత్తనం మొలకెత్తాలంటే మట్టిలో తగిన శిలీంధ్రం ఉండాలి, పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంత కష్టపడి వచ్చిన మొక్క కుండీలో చచ్చిపోతే ఎంత బాధ! దానికి బదులు ఆఫీసులో అడిగి, కాయలు పగిలి విత్తనాలు రాలేదాకా, అంటే ఆగస్టు దాకా, ఆ మూల గడ్డి కోయించకుండా చూడండి. వచ్చే జూన్‌లో అక్కడ పువ్వు లేకపోయినా టెన్షన్ పడకండి, ఒక ఏడాది విరగబూసి మరుసటి ఏడాది కనబడకపోవడం దీనికి మామూలే.