పాదం పైకి లేవనప్పుడు ఏ బూట్లు కొనాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. పక్షవాతం తర్వాత ఎడమ పాదం ముందు భాగం పైకి లేవడం లేదు, వేళ్లు నేలకు గీసుకుంటున్నాయి. ఫుట్ డ్రాప్ అని చెప్పి, చీలమండనూ పాదాన్నీ నిలిపి ఉంచే ప్లాస్టిక్ ఏఎఫ్‌ఓ స్ప్లింట్ ఇచ్చారు. అది పెడితే పాత బూటు పట్టలేదు. అందుకని రెండు సైజులు పెద్దవి, కింద గట్టి పట్టున్న స్పోర్ట్స్ షూ కొన్నాం. ఇప్పుడు ముందుకంటే ఎక్కువగా కాలు తట్టుకుని పడబోతున్నారు. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: మీరు జాగ్రత్త కోసం చేసిన రెండు పనులే ఇక్కడ అడ్డు పడుతున్నాయి. మన దగ్గర అమ్మే బూట్లలో ఒక సైజుకీ తర్వాతి సైజుకీ పొడవులో తేడా దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. రెండు సైజులు పెంచితే బూటు ముక్కు ఒకటిన్నర సెంటీమీటరుకు పైగా ముందుకు పోతుంది. అడుగు వేసేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నవారి పాదమే నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులో మాత్రమే సాగుతుంది. నాన్నగారికి ఆ కాస్త ఎత్తు కూడా లేదు. పైగా ఆ ముక్కు కింద గరుకు రబ్బరు ఉంది. గచ్చుకు తగలగానే అది బ్రేకు వేసినట్టు పట్టేస్తుంది. కాలు ఆగుతుంది, ఒళ్లు ముందుకు వెళ్లిపోతుంది.

స్ప్లింట్‌కు కావలసింది వెడల్పు, లోతు. పొడవు కాదు. అర సైజు, మహా అయితే ఒక సైజు పెంచి, వెడల్పు ఎక్కువున్న రకం అడగండి. లోపలి అట్ట ఊడదీయడానికి వీలుండాలి. ఎడమ బూటులో దాన్ని తీసేస్తే స్ప్లింట్ అడుగుకు చోటు దొరుకుతుంది, కుడి బూటులో అలాగే ఉంచండి. రెండూ వేసుకుని నిలబడ్డాక వెనక నుంచి నడుము రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడండి. ఒక వైపు ఎత్తుగా కనిపిస్తే రెండో బూటులో పలుచని అట్ట వేయించాలి.

కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. స్ప్లింట్, రోజూ వేసుకునే మేజోళ్లు వెంట తీసుకెళ్లండి. బూటు నోరు వేళ్ల దాకా తెరుచుకోవాలి, లేకపోతే స్ప్లింట్‌తో పాదం లోపలికి దూరదు. చేయి కూడా బలహీనంగా ఉంటే లేసుల జోలికి పోకుండా వెల్క్రో పట్టీలవి తీసుకోండి. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కి చూడండి. లోపలికి నొక్కుకుపోతే ఆ జత వద్దు. బూటును బల్ల మీద పెడితే ముక్కు కొంచెం పైకి లేచి ఉండాలి.

చాలామంది పట్టించుకోని సంగతి మడమ ఎత్తు. స్ప్లింట్ కోణాన్ని ఒక మడమ ఎత్తుకు సరిపడేలా అమరుస్తారు. అంతకంటే ఎత్తు మడమ వేస్తే పిక్క ముందుకు వాలి మోకాలు మడత పడుతుంది. చదునైనది వేస్తే మోకాలు వెనక్కి నెట్టుకుపోయి కొన్నాళ్లకు నొప్పి మొదలవుతుంది. కాబట్టి స్ప్లింట్ అమర్చినప్పుడు వాడిన బూటులో మడమ కింది మందం, వేళ్ల మొదళ్ల కింది మందం కొలిచి, ఆ తేడా రాసి పెట్టుకోండి. ఇకపై కొనే ప్రతి జతలోనూ అంతే తేడా ఉండాలి.

సైజు సరిపోయిన జతలోనూ ముక్కు పట్టేస్తుంటే చెప్పులు కుట్టే అతనితో కొన కింద రెండు మూడు సెంటీమీటర్ల మేర నున్నటి పలుచని తోలు ముక్క అతికించండి. దాని అంచును చెక్కి సోల్‌తో కలిపేయమనండి, లేకపోతే ఆ అంచే తగులుతుంది. వేళ్ల మొదళ్ల కింద రబ్బరును మాత్రం ముట్టుకోవద్దు. తడి నేల మీద నిలిపేది అదే.

ప్రశ్న: అమ్మకు చాలా ఏళ్లుగా షుగర్. అరికాళ్లకు స్పర్శ తగ్గింది, నడకలో తూలుతుంది. మెత్తగా ఉంటాయని మందపాటి ఫోమ్ చెప్పులు కొన్నాను. తూలడం పెరిగింది.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మందపాటి ఫోమ్ మీద మడమ ఏ వైపుకు ఒరిగితే చెప్పు కూడా ఆ వైపే కుంగుతుంది. స్పర్శ తగ్గిన పాదానికి ఆ ఒరగడం ఆలస్యంగా తెలుస్తుంది. అలాగని పూర్తిగా గట్టి చెప్పులు వేస్తే అరికాలిలో పుండ్లు పడతాయి. కింద వెడల్పాటి గట్టి సోల్, పైన మాత్రం మెత్తని పొర ఉండేవి కావాలి. ఎంసీఆర్ (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు ఈ పద్ధతివే. మడమ వెనక పట్టీ ఉన్నవి అడగండి, బొటనవేలి సందులో పట్టీ దూరేవి వద్దు.

బిగుతుగా ఉందో లేదో అమ్మ చెప్పలేరు కనుక కాగితంతో చూడండి. ఆమెను నిలబెట్టి పాదం చుట్టూ గీత గీసి, కత్తిరించి చెప్పులో పరచండి. అంచులు మడత పడితే ఆ చెప్పు ఇరుకు. వేళ్ల ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కొత్త జత మొదటి రోజు అరగంటే వేయించి, విప్పి, రెండు అరికాళ్లూ చూడండి. ఎర్రబారిన చోటు అరగంట తర్వాత కూడా అలాగే ఉంటే అక్కడ ఒరుసుకుంటోందని అర్థం, మార్పించండి. రోజూ వేసుకునే ముందు లోపల చేత్తో తడమాలి. చిన్న రాయి ఉన్నా ఆమెకు తెలియదు.

ప్రశ్న: గంటలకొద్దీ గొంతుక్కూర్చుని పని చేశాక కుడి పాదం లేవడం మానేసింది. వయసు 27. పొడవాటి కాన్వాస్ బూట్లు వేస్తే పాదం నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిలవదు. గుడ్డ చీలమండను చుడుతుందేగానీ పాదాన్ని పైకి ఎత్తదు. మోకాలికి బయటి వైపు, ఎముక తల దగ్గర చర్మం కిందే వెళ్లే నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. ఆలస్యం చేయక న్యూరాలజిస్టుకు చూపించండి. గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం మానండి. ఈలోగా చీలమండకు చుట్టి, బూటు లేసులకు కొక్కెం తగిలించే సాగే పట్టీ వాడవచ్చు. దానికి లేసులున్న బూటే కావాలి. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: అత్తయ్యకు ఫుట్ డ్రాప్ ఉంది. ఇంట్లో చెప్పులు వేసుకోరు. హవాయి చెప్పులైనా పరవాలేదా? గుడికి ఎలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: హవాయి వద్దేవద్దు. అది జారకుండా ఉండాలంటే వేళ్లు దాన్ని బిగించి పట్టుకోవాలి. బలం లేని పాదం పట్టుకోలేదు, చెప్పు ముందు భాగం కిందికి మడత పడుతుంది. ఇంటికి వేరే జత, వెనక పట్టీతో, కొనిపెట్టండి. బయట వేయనిదైతే పెద్దవాళ్లు కూడా ఒప్పుకుంటారు. టైల్స్ మీద మామూలు మేజోళ్లతో, ఒట్టి స్ప్లింట్‌తో నడవనివ్వకండి, రెండూ జారుతాయి. గడపల అంచున ముదురు రంగు పట్టీ అతికిస్తే కాలు ఎంత ఎత్తాలో కంటికి తెలుస్తుంది.

గుడిలో వట్టి పాదానికి వేసుకునే సాగే పట్టీలు దొరుకుతాయి. కింద రబ్బరు చుక్కలున్న మేజోళ్లు పొడి నేల మీద బాగా పనిచేస్తాయి, కాళ్లు కడుక్కునే చోట మాత్రం తడిసి బరువెక్కుతాయి. అక్కడ మీ చేయి ఇవ్వండి. స్పర్శ కూడా తగ్గి ఉంటే వేసవిలో మధ్యాహ్నం పూట ప్రదక్షిణలు వద్దు. బండలు కాలుతున్నాయని ఆమెకు తెలిసేలోపే బొబ్బలు వస్తాయి. పొద్దున్నే తీసుకెళ్లండి.