షో క్వాలిటీ పెట్ట అని పంపారు, ఐదు నెలలకి కూత మొదలెట్టింది: డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. కోళ్ల అందాల పోటీల్లో పెడదామని పక్క రాష్ట్రంలోని ఒక పెంపకందారు దగ్గర లైట్ బ్రహ్మ జాతి పిల్లలు మూడు కొన్నాను. ఆరు వారాల పిల్లలు. 'ఒక పుంజు, రెండు పెట్టలు, షో క్వాలిటీ, ప్యూర్, వ్యాక్సిన్ అయిపోయింది' అని వాట్సాప్‌లో రాశారు. రూ.18,000 యూపీఐలో పంపాను. రైల్లో విజయనగరం స్టేషన్‌కి వచ్చాయి. ఆరో రోజున ఒక పిల్ల మెడ తిప్పేసుకుని, పచ్చగా రెట్ట వేస్తూ చచ్చిపోయింది. పాతిపెట్టేశాం. ఇంకో వారంలో మా నాటు పెట్టలు రెండు అలాగే పోయాయి. మిగిలినవాటికి ఇప్పుడు ఐదు నెలలు. పెట్ట అన్నది కూస్తోంది. పుంజుకేమో తల మీది ఎర్ర జుట్టు నాటుకోడికి మల్లే ఒంటి రెక్కగా నిలబడింది. అడిగితే 'ప్రాణమున్న సరుకుకి గ్యారంటీ ఉండదు' అంటున్నారు. బిల్లు మీద 'అమ్మినవి వాపసు తీసుకోబడవు, వివాదాలు మా ఊరి కోర్టులోనే' అని ఉంది. కన్స్యూమర్ కోర్టుకి వెళ్లొచ్చా? పోలీసు కేసు పెట్టొచ్చా?

జవాబు: కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లొచ్చు. కాకపోతే మీ బాధలన్నీ అక్కడ ఒకే బరువు తూగవు. మీకు అన్నిటికంటే గట్టిగా అనిపిస్తున్న 'షో క్వాలిటీ' అన్న మాటే అన్నిటికంటే బలహీనం. మీరు పెద్దగా పట్టించుకోని 'రెండు పెట్టలు' అన్న మాట అన్నిటికంటే బలం. ఎందుకో చెబుతాను.

కోడి చట్టం దృష్టిలో సరుకే. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం కదిలే ఆస్తి ఏదైనా సరుకు కిందికి వస్తుంది. అదే చట్టం 15వ సెక్షన్, వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలంటుంది. మీరు పిల్లల్ని చూసి కొనలేదు, ఆయన రాసిన మాటలు చూసి కొన్నారు. కాబట్టి ఆ వాట్సాప్ మెసేజే మీ ఒప్పందం. అందులోని ఒక్కో మాటనీ విడదీసి చూడాలి.

'రెండు పెట్టలు' అన్నది నిజమో కాదో కంటితో తేలే సంగతి. ఆరు వారాల బ్రహ్మ పిల్లల్లో పుంజేదో పెట్టేదో అనుభవం ఉన్నవారు కూడా అంచనాగానే చెబుతారు. జుట్టు ఎర్రబడడం, నడుము మీద మొన తేలిన సన్నటి ఈకలు జారడం మూడో నెల, నాలుగో నెలకి గానీ స్పష్టంగా తెలియవు. అందుకే నిజాయితీగా అమ్మేవారు 'పుంజో పెట్టో తేల్చని పిల్లలు' అని రాసి, ధర తగ్గించి ఇస్తారు. ఈయన అలా రాయలేదు, పెట్ట అని రాసి పెట్ట ధర తీసుకున్నారు. తెలిసి రాశారా, ఊహించి రాశారా అన్నది ఇక్కడ అనవసరం. మాట తప్పింది, నష్టం ఆయనదే.

జుట్టు సంగతిలో కొంచెం చిక్కుంది. బ్రహ్మకి ఉండవలసింది మూడు వరసల బొడిపెలతో తలకి అంటుకుని ఉండే పీ కాంబ్. అది జన్యుపరంగా పైచేయి లక్షణం. తల్లిలోనూ తండ్రిలోనూ ఒంటి రెక్క జుట్టు లక్షణం దాగి ఉంటేనే పిల్లకి అది బయటపడుతుంది. అంటే వెనక తరాల్లో ఎక్కడో వేరే రక్తం కలిసిందనడానికి అది గట్టి సూచన, 'ప్యూర్' అన్న మాటకి విరుద్ధం. అయితే ఆరు వారాల పిల్ల తల మీద కూడా దగ్గరగా చూస్తే జుట్టు ఏ రకమో తెలుస్తుంది. సరుకు అందాక సహేతుకమైన సమయంలో కాదనకుండా ఉంచుకుంటే ఒప్పుకున్నట్టేనని అదే చట్టం 42వ సెక్షన్ అంటుంది. 'చూసి కూడా మూడున్నర నెలలు ఊరుకున్నాడు' అని ఎదుటివారు తప్పకుండా వాదిస్తారు. మీరు కొత్తగా పెంచుతున్నవారని, తేడా పడగానే రాశారని చూపించాలి. మొదటిసారి మీరు అభ్యంతరం చెప్పిన మెసేజ్ తేదీ ఎంత ముందుది అయితే అంత మంచిది.

ఒప్పుకున్నట్టే లెక్కేసినా హక్కు పోదు. సరుకు తిప్పికొట్టి మొత్తం డబ్బు అడిగే వీలు తగ్గుతుంది గానీ, 13, 59 సెక్షన్ల కింద నష్టపరిహారం అడగొచ్చు. అంటే చెప్పిన పక్షి విలువకీ వచ్చిన పక్షి విలువకీ ఉన్న తేడా. అదే వయసు బ్రహ్మ పెట్టకి, మిగులు పుంజుకి ఇప్పుడు ఎంత ధర పలుకుతోందో వేరే ఇద్దరు పెంపకందారుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇక షో క్వాలిటీ. మన దేశంలో ఈ మాటకి చట్టంలో నిర్వచనం లేదు. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1874 నుంచి జాతి ప్రమాణాల పుస్తకం అచ్చువేస్తోంది, బ్రిటిష్ వారికి వేరే ఉంది. మీ ఒప్పందంలో ఏ ప్రమాణమో లేదు. పైగా ఆరు వారాల పిల్లని షో క్వాలిటీ అనడానికి ఆధారమే ఉండదు. లైట్ బ్రహ్మకి మెడ మీద తెల్లటి అంచుతో నల్ల ఈక, నల్ల తోక, పిక్కల నుంచి బయటి వేలికీ మధ్య వేలికీ దాకా ఈక ఉండాలి. వేళ్లు వంకరపోకూడదు, తోక పక్కకి ఒరగకూడదు. పెద్ద ఈక దిగాక గానీ వీటిలో చాలావరకు తేలవు. బ్రహ్మ నిదానంగా ఎదిగే జాతి, ఒళ్లు నిండడానికి ఏడాది పైనే పడుతుంది. ఎంత మంచి జత కిందనైనా పోటీకి పనికొచ్చేవి కొన్నే వస్తాయి.  అది ప్రకృతి, లోపం కాదు. కాబట్టి 'షో క్వాలిటీ కాలేదు' అని మాత్రమే ఫిర్యాదు చేస్తే కమిషన్ దాన్ని అమ్ముకోవడానికి చెప్పే గొప్ప మాటగా కొట్టేసే ప్రమాదముంది. గెలవలేని ప్రైజు డబ్బు కూడా అడగకండి, ఊహలో ఉన్న లాభానికి పరిహారం రాదు.

చనిపోయిన పిల్ల విషయంలో మీ మీద నాకు జాలిగానే ఉంది గానీ, సాక్ష్యం మట్టిలో కలిసింది. మెడ తిప్పడం, పచ్చ రెట్ట కొక్కెర తెగులు లక్షణాలే. దీన్నే రాణిఖేత్ అంటారు. ఒంట్లో చేరిన 2 నుంచి 15 రోజుల్లో, ఎక్కువగా 5, 6 రోజుల్లో బయటపడుతుంది. ఆరో రోజు చావు, తర్వాతి వారం మీ నాటు పెట్టలు, రెండూ ఆ లెక్కకి సరిపోతున్నాయి. అయినా అక్కడే సోకిందా, రైల్లోనా, మీ పెరట్లోనా అని నిరూపించాల్సింది మీరే. జబ్బు పిల్ల వీడియో, పశువుల ఆస్పత్రి ఓపీ చీటీ ఏదైనా ఉంటే జతపరచండి. వ్యాక్సిన్ ఏ తేదీన, ఏ మందు, ఏ బ్యాచ్ అని నోటీసులో అడగండి. జవాబు లేకపోతే అది మీకు పనికొస్తుంది. నాటు పెట్టల ధర అడగొచ్చు గానీ, కొత్త పిల్లల్ని వేరు గూట్లో ఉంచకుండా కలిపేశారన్న మాట వస్తుంది. సిద్ధంగా ఉండండి.

ఇది చదివే మిగతావారికి: కొని తెచ్చిన కోడి చచ్చిపోతే పాతిపెట్టకండి. రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, చుట్టూ ఐసు పెట్టి, అదే రోజు పోస్టుమార్టంకి తీసుకెళ్లండి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే కణజాలం చెడి కొన్ని పరీక్షలకి పనికిరాదు. చీపురుపల్లి వారికి గరివిడి పశువైద్య కళాశాల పక్కనే. శ్రీకాకుళం వైపు వారు జిల్లా కేంద్రంలో పశుసంవర్ధక శాఖ వారిని అడగండి. కదల్చలేని పరిస్థితి అయితే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేయండి. కాలి రింగు నంబరు రిపోర్టులో రాయించండి, లేకపోతే ఆ చచ్చిన కోడి మీరు కొన్నదేనని ఎలా చెబుతారు?

బిల్లు మీద అచ్చువేసిన రెండు షరతులకీ మీరు భయపడనక్కర్లేదు. 'వాపసు లేదు' అన్నది నచ్చలేదని తిప్పి పంపేవారికి వర్తిస్తుంది, పెట్ట అని పుంజునిచ్చిన తప్పుని కప్పదు. బిల్లులో గడువు లేనప్పుడు 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వాపసు తీసుకోననడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి కూడా. తేడాని నెలలోపు పట్టుకున్నవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది. 'మా ఊరి కోర్టు' షరతు సంగతికొస్తే, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చని అదే చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. విజయనగరం జిల్లా కమిషన్ చాలు.

ఆయన తప్పక ఎత్తే వాదన ఒకటుంది: పిల్లలు తీసి అమ్ముకోవడానికే కొన్నాడు, ఇతను వినియోగదారుడే కాదని. వాణిజ్యం కోసం కొంటే నిజంగానే ఈ చట్టం వర్తించదు. సొంతంగా శ్రమించి బతుకుతెరువు కోసం కొంటే మాత్రం వర్తిస్తుంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. మీరు సరదాగా, పోటీల కోసం కొన్నారు కాబట్టి ఫిర్యాదు మొదటి పేరాలోనే ఆ మాట రాయండి. చాటింగ్‌లో 'పిల్లలు తీసి సేల్ చేస్తా' అని ఎక్కడైనా రాసి ఉంటే దాచకండి, ఎదుటివారి దగ్గర కూడా అదే చాటింగ్ ఉంటుంది.

ఇప్పుడు చేయవలసింది. రెండు కోళ్లనీ పగటి వెలుతురులో ఫొటో, వీడియో తీయండి: తల పక్క నుంచీ పై నుంచీ, కాలి వేళ్లు, తోక, కూత వినబడేలా ఒక వీడియో. పశువైద్యుడి చేత లింగం, జుట్టు రకం, రింగు నంబరు రాయించి ఒక సర్టిఫికెట్ తీసుకోండి. కేసు తేలే దాకా వాటిని అమ్మొద్దు, కోయొద్దు. మీ దగ్గరున్న ప్రాణమున్న సాక్ష్యం అదే. తిప్పి పంపే బాధ్యత మీది కాదు, తీసుకెళ్లమని తెలియజేస్తే చాలునని వస్తు విక్రయ చట్టం 43వ సెక్షన్. మేత, మందుల ఖర్చు చీటీలు దాచండి. చాటింగ్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ప్రింటు తీయండి, యూపీఐ లావాదేవీ నంబరు స్టేట్‌మెంటులో చూపండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరం రాదు.

తర్వాత నోటీసు. లాయరే అక్కర్లేదు, మీరే రాయొచ్చు. ఏం చెప్పి అమ్మారు, ఏం వచ్చింది, ఎంత కావాలి, 15 రోజుల గడువు. అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి, అదే వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఆ కూసే పక్షికి బదులు, కూత వయసు దాటిన, మీరు కళ్లతో చూసిన పెట్టని ఇస్తానంటే నా సలహా ఒప్పుకోమనే. మీకు కావలసింది పక్షి, కేసు కాదు. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి, అక్కడా తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కి ఫిర్యాదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. పరీక్షలు అక్కర్లేని కేసు మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది గానీ, ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది.

పోలీసు కేసు గురించి: ఇది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మోసం కావాలంటే డబ్బు తీసుకునే నాటికే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. పిల్లలు పంపారు, బిల్లిచ్చారు. స్టేషన్‌లో ఇది సివిల్ తగాదా అని తిప్పి పంపేస్తారు. అదే డబ్బు తీసుకుని, పక్షులే పంపకుండా, ఫోన్ బ్లాక్ చేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటల్లో చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆపించే అవకాశం ఉంటుంది.

దారిలో చచ్చిపోయి ఉంటే కథ వేరు. రవాణాదారుకి అప్పగిస్తే కొన్నవారికి అప్పగించినట్టేనని వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్. వేరే ఒప్పందం లేకపోతే నష్టం మీ మీద పడేది. రైల్వే మీద వెళ్లాలన్నా, విలువ ముందే ప్రకటించి అదనపు చార్జీ కట్టకపోతే చేతికొచ్చేది చాలా తక్కువ.

మళ్లీ కొనేటప్పుడు అడ్వాన్సు వేసే ముందు ఈ మెసేజ్ పంపి, 'అంగీకారం' అని రాయించుకోండి:

'లైట్ బ్రహ్మ, ఒక పుంజు, రెండు పెట్టలు, వయసు ___, రింగు నంబర్లు ___. పీ కాంబ్, మధ్య వేలికి ఈక, వంకర వేళ్లు లేవు. టీకాలు: మందు పేరు, తేదీ ___. విజయనగరం స్టేషన్‌లో ప్రాణంతో నా చేతికి వచ్చే దాకా బాధ్యత మీది. అందిన 21 రోజుల్లో జబ్బుతో చనిపోతే, పశువైద్యుడి రిపోర్టు మీద ధర వాపసు. ఆరు నెలల లోపు పెట్ట పుంజుగా తేలితే పెట్టని మార్చి ఇవ్వాలి లేదా ధర వాపసు.'

దీనికి ఒప్పుకోనివారి దగ్గర ఆరు వారాల పిల్లకి షో ధర పెట్టకండి. పెద్ద ఈక దిగిన కోడిని వెళ్లి చూసి కొనండి. వచ్చాక మూడు నాలుగు వారాలు వేరు గూట్లో, వేరు నీళ్ల గిన్నెతో పెట్టండి.

అసీల్ (పందెం కోడి జాతి) కొనేవారికి ఒక మాట. చిలకముక్కు, పొడవు తోక పక్షిని అందాల పోటీకి కొంటే పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. పందెం కోసం కొంటే ఏవీ వర్తించవు. కోడిపందెం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కిందా, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కిందా నేరం. నేరం కోసం చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ఎంత మోసపోయినా ఏ కోర్టూ ఆ డబ్బు ఇప్పించదు.

ఫిర్యాదు రాసుకోవడం కష్టమైతే విజయనగరంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు బిల్లు అసలు కాపీ, ఫోన్ వెంట తీసుకెళ్లండి. ఆ చాటింగ్‌ని ఈలోగా డిలీట్ చేయకండి.