మిలిటరీ డిపో స్థలం పంచాయతీకి దక్కాలంటే...

ప్రశ్న: మా ఊళ్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ సరుకుల డిపో స్థలం ఆరెకరాల దాకా ఉంది. గోడౌన్లు కూలిపోయాయి. పాతికేళ్లుగా అందులో వారపు సంత జరుగుతోంది. పక్కా షెడ్లు కట్టాలని పంచాయతీ తీర్మానించింది. భూసేకరణ చేయమని కలెక్టరు గారిని అడగవచ్చా?
– ఒక పంచాయతీ సభ్యుడు, ప్రకాశం జిల్లా

జవాబు: తీర్మానాన్ని అర్జీకి జత చేయండి, దాని పని అంతవరకే. భూసేకరణ మాట తర్వాత, ముందు స్థలం ఎవరిదో తేలాలి. ఊరంతా మిలిటరీ స్థలం అన్నా రక్షణ శాఖది కాకపోవచ్చు. మన దొనకొండలోని యుద్ధకాలపు రన్‌వే సంగతే చూడండి, అది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉంది.

తహసీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్లవారీగా భూమి ఎవరిదో చెప్పే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం), దొరికినంత పాత అడంగళ్ల నకళ్లు తీసుకోండి. ఆన్‌లైన్ భూ రికార్డు వెబ్‌ల్యాండ్ ప్రింటు ఒక్కటే చాలదు. సబ్ రిజిస్ట్రారు దగ్గర 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) కూడా చూడండి. ఆపైన రక్షణ శాఖ భూములు చూసే రక్షణ ఎస్టేట్స్ అధికారికి 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ‘మా ఊరి డిపో’ అని రాస్తే ‘రికార్డు లేదు’ అని తిప్పి పంపుతారు. సర్వే నంబరు వేసి, మిలిటరీ ల్యాండ్ రిజిస్టరులో దాని విస్తీర్ణమెంత, అది ఎలా సంక్రమించింది అని అడగండి.

రాష్ట్ర ప్రభుత్వ పోరంబోకు అని తేలితే పని తేలిక. బీఎస్‌ఓ (రెవెన్యూ బోర్డు స్థాయీ ఉత్తర్వు) 24 కింద కేటాయింపు కోరుతూ తహసీల్దారు ద్వారా ఫైలు నడపవచ్చు.

ఆర్‌ఎస్‌ఆర్‌లో రైతు పేరుంటే జాగ్రత్త. యుద్ధకాలంలో చాలా భూములను కొనలేదు, తాత్కాలికంగా స్వాధీనం చేసుకున్నారు. అలాంటి పాత స్వాధీనాలకు 1952 నాటి స్థిరాస్తుల తాత్కాలిక స్వాధీనం, సేకరణ చట్టం పెట్టిన ఆఖరు గడువు 1987 మార్చి 10. ఆలోగా సేకరించకపోతే తిరిగి ఇచ్చేయాల్సిందే. అప్పుడు మీరు మాట్లాడాల్సింది ఆ రైతు వారసులతో. 2013 భూసేకరణ చట్టం పనికొచ్చేది అక్కడే.

రక్షణ శాఖదే అయితే భూసేకరణ నోటిఫికేషన్ దారి పట్టకండి. కలెక్టరు ద్వారా రాష్ట్ర ప్రభుత్వం రక్షణ మంత్రిత్వ శాఖను బదిలీ కోరాలి. ఊరికే ఇవ్వరు. మార్కెట్ విలువ కట్టాలి, లేదా అంతే విలువైన భూమో నిర్మాణాలో ఇవ్వాలి. పంచాయతీలు బోల్తాపడేది ఇక్కడే: స్థానిక అధికారి ‘అభ్యంతరం లేదు’ అని రాసిన ఉత్తరం పట్టుకుని కాంట్రాక్టరును పిలుస్తాయి. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం ఒప్పందం రాష్ట్రపతి పేరున, అధికారం ఉన్నవారి సంతకంతో ఉండాలి. అది లేకుండా కడితే 1971 ప్రభుత్వ ఆవరణల చట్టం కింద ఖాళీ చేయిస్తారు, ఖర్చుకు ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలి.

పాతికేళ్ల సంత హక్కు ఇవ్వదు. ప్రభుత్వ భూమి మీద 30 ఏళ్ల ప్రతికూల స్వాధీనం (యజమాని హక్కును కాదని బహిరంగంగా అనుభవించడం) రుజువు కావాలి. పైగా ప్రభుత్వ సంస్థలే ఆ వాదన చేయడాన్ని సుప్రీంకోర్టు 2011లో గట్టిగా తప్పుపట్టింది.

డబ్బు కట్టే ముందు మండల సర్వేయరు, రక్షణ ఎస్టేట్స్ సిబ్బంది కలిసి కొలిచి రాళ్లు పాతించాలి. ఎఫ్‌ఎంబీ విస్తీర్ణానికీ వాళ్ల రిజిస్టరుకూ తేడా వస్తే, ఒప్పందంలో రాయాల్సింది ఇద్దరూ కలిసి కొలిచిన ఆ కొలతే.