బీపీ పరిశోధనల్లో ఆల్ఫా-1 రిసెప్టర్‌కి అంత ప్రాధాన్యం ఎందుకు?

ఇది రక్తనాళాల గోడల్లోని కండర కణాల పైపొరలో ఉండే ప్రోటీన్. నరాల చివర్ల నుంచి వచ్చే నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనం దీనికి అతుక్కోగానే కణంలో కాల్షియం పెరిగి, కండరం బిగిసి, నాళం సన్నబడి బీపీ పెరుగుతుంది. టెన్షన్ పడినప్పుడు జరిగేవాటిలో ఇదొకటి. ఇందులో ఏ, బీ, డీ అని మూడు రకాలు. నాకు ముఖ్యంగా అనిపించేది డీ రకం, ఎందుకంటే దాని జన్యువు తీసేసిన ఎలుకల్లో బీపీ మామూలుకన్నా తక్కువగా ఉందని 2002లో తేలింది. ప్రాజోసిన్, డాక్సాజోసిన్ అనే మందులు ఈ మూడింటినీ అడ్డుకుంటాయి.

అయితే బీపీ తగ్గితే చాలదు. ఆల్‌హాట్ అనే పెద్ద ట్రయల్‌లో క్లోర్‌థాలిడోన్ అనే మరో బీపీ మందు వాడినవాళ్లకన్నా డాక్సాజోసిన్ వాడినవాళ్లలో హార్ట్ ఫెయిల్యూర్ ఎక్కువగా కనిపించడంతో, 2000లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు, అందుకే ఇప్పుడు బీపీకి వీటిని సాధారణంగా మొదటి మందుగా రాయరు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా మానేయకండి.