పాత సౌండ్ సెట్ కొంటే మిగిలేది ఎవరికి?

ప్రశ్న: మాది గుంటూరు. ఏడుగురం కలిసి పెళ్లిళ్లు, రిసెప్షన్లు, షష్టిపూర్తులలో పాటల కార్యక్రమాలు చేస్తుంటాం. ఏడాదికి 40 ఫంక్షన్ల దాకా వస్తాయి. 15 చోట్ల ఈవెంట్ వాళ్లే సౌండ్ పెడతారు, మిగతావాటికి మేమే ఫంక్షన్‌కు 14,000 రూపాయల అద్దె ఇచ్చి తెచ్చుకుంటాం. విజయవాడలో ఒకాయన తన సౌండ్ సెట్ మొత్తం 4,20,000 రూపాయలకు ఇస్తానంటున్నారు, ఈ నెలాఖరులోగా చెప్పమంటున్నారు. నా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 1,60,000 ఉంది. మిగతాది నా భార్య బంగారం కుదువ పెట్టి గానీ, తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి గానీ, చిట్టీ పాడి గానీ తేవాలి. 40 ఫంక్షన్ల అద్దె 5,60,000 అవుతుంది కాబట్టి తొమ్మిది నెలల్లో సెట్ డబ్బు తిరిగొస్తుందని నా అంచనా. పాప ఈ జూన్‌లో ఇంటర్‌లో చేరుతుంది. కొనమంటారా?

జవాబు: మొత్తం సెట్ వద్దు. అందులో కొంత భాగం కొనుక్కోవచ్చు. ఏ భాగమో చెప్పేముందు మీ తొమ్మిది నెలల లెక్క సంగతి చూద్దాం.

15 చోట్ల ఈవెంట్ వాళ్లే సౌండ్ పెడతారని మీరే రాశారు, మళ్లీ 40తో గుణించారు. అక్కడ మీకు అద్దె ఖర్చే లేదు, కాబట్టి మిగిలేదీ ఉండదు. లెక్కకు వచ్చేవి 25 ఫంక్షన్లే. పైగా మీరు ఇచ్చే 14,000 ఒక్క బాక్సుల అద్దె కాదు. బండి, ఎక్కించి దించే కుర్రాళ్లు, మిక్సర్ దగ్గర కూర్చునే ఆపరేటర్, మధ్యలో ఏదైనా పాడైతే పరుగెత్తుకొచ్చే బాధ్యత, అన్నీ అందులోనే ఉన్నాయి. సెట్ మీదైన రోజు నుంచి ఇవన్నీ మీ జేబులోంచే పోతాయి. ఉదాహరణకు ట్రాలీ ఆటోకు 2,500, ఇద్దరు కుర్రాళ్లకు 2,000, ఆపరేటర్‌కు 2,500 అనుకుందాం. మీ వాస్తవ ధరలు వేసుకుని సరిచూసుకోండి. ఫంక్షన్‌కు మిగిలేది 7,000, పాతికకు 1,75,000. సామాను పెట్టే గది అద్దె, తెగిన కేబుళ్లు, కాలిన స్పీకర్ కాయిళ్ల కోసం ఏడాదికి 35,000 తీసేస్తే నికరంగా 1,40,000. అంటే వడ్డీ కలపకుండానే సెట్ ఖరీదు తిరిగి రావడానికి మూడేళ్లు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ 1,40,000 ఎవరిది? ఇప్పుడు పార్టీ ఇచ్చిన డబ్బులోంచి ముందు సౌండ్ అద్దె తీసి, మిగిలినది ఏడుగురూ పంచుకుంటున్నారు. సెట్ మీరు కొన్నాక ‘మన సెట్టే కదా’ అని అద్దె తీయడం మానేస్తే, మిగులు ఏడు వాటాలవుతుంది. మీ వాటాకు ఏడాదికి 20,000. అప్పు మాత్రం ఏడు వాటాలు కాదు, మొత్తం మీదే. ఆ 20,000తో 4,20,000 రాబట్టడానికి 21 ఏళ్లు కావాలి. అన్నాళ్లు ఏ బాక్సు పలుకుతుంది? ఇలాంటి బృందాల్లో గొడవలు పాటల దగ్గర రావు, ఇక్కడే వస్తాయి.

కాబట్టి ఏది కొన్నా, కొనకముందే మిగతా ఆరుగురిని కూర్చోబెట్టి మాట్లాడండి. సెట్ మీది, బృందం మీకు అద్దె ఇస్తుంది. బయటివారికి ఇచ్చేదానికంటే కొంత తక్కువే తీసుకోండి, కానీ పంపకానికి ముందే తీసుకోండి. తెల్ల కాగితం మీద రాసి అందరూ సంతకం పెడితే చాలు. ‘అందరం తలా 60,000 వేసుకుందాం’ అని ఎవరైనా అంటే నేనైతే ఒప్పుకోను. రేపు కీబోర్డు వాయించే ఆయన హైదరాబాద్ వెళ్లిపోతే ఆయన వాటా ఎంతకు కొంటారు? తప్పదంటే, ఏటా విలువలో ఇంత తగ్గించి లెక్కకడతామని మొదటి రోజే రాసుకోండి.

ఇప్పుడు అప్పు. మీకు కావలసింది 2,60,000. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. నెలకు 5,200, ఏడాదికి 62,400 వడ్డీ కట్టినా అసలు అలాగే ఉంటుంది. అదే మొత్తం 14 శాతానికి మూడేళ్ల బ్యాంకు రుణంగా తీసుకుంటే నెలవారీ వాయిదా దాదాపు 8,890. మూడేళ్లలో కట్టే వడ్డీ అంతా కలిపి 60,000 లోపే, అసలు కూడా తీరిపోతుంది. తెలిసినవారికి ఒక్క ఏడాదిలో ఇచ్చే వడ్డీ కంటే అది తక్కువ. ఆ నూటికి రెండు వడ్డీ దారి మర్చిపోండి. ముద్ర రుణాల్లో 50,000 నుంచి 5 లక్షల దాకా ‘కిశోర్’ విభాగం ఉంది, హామీ అడగరు. కానీ బ్యాంకు దుకాణం కొటేషన్ అడుగుతుంది. ఒక వ్యక్తి దగ్గర కొనే పాత సామానుకు అది చూపించడం కష్టం. చిట్టీ సంగతి మీకు తెలిసే ఉంటుంది, నెలాఖరు గడువు నెత్తిన పెట్టుకుని పాటకు కూర్చున్నవాడు ఎక్కువ తగ్గించి పాడతాడు.

మీ రాబడి నెలనెలా సమంగా రాదు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, భాద్రపదంలో లేవు, ధనుర్మాసంలో లేవు. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే వారాల తరబడి ఖాళీ. వాయిదా తేదీ పంచాంగం చూసుకుని రాదు. ఆ లెక్కన సీజనులో పెద్ద మొత్తాలు కట్టుకునే వీలున్న బంగారు రుణమే మీ వృత్తికి కొంత నయం. కానీ ఈ జూన్‌లో పాప ఫీజు, ఆ వెనకే ఆషాఢం. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఖాళీ చేసి, బంగారం బ్యాంకులో పెట్టి ఆ రెండు నెలలు గడపమని నేను చెప్పలేను. ఆ బంగారం మీ శ్రీమతిది. ఆవిడను అడిగారో లేదో మీరు రాయలేదు.

నా సలహా ఇది. మిక్సర్, మైకులు, పాడేవారికి తమ గొంతు తమకు వినిపించే స్టేజి మానిటర్లు మాత్రం కొనుక్కోండి. ఈవెంట్ వాళ్లు సౌండ్ పెట్టే 15 చోట్ల కూడా ఇవి మీకు పనికొస్తాయి. గాయనికి అలవాటైన మైకు, ముందే సరిచేసి దాచుకున్న మిక్సర్ సెట్టింగులు ఉంటే ప్రతి హాలులో మొదటి రెండు పాటలు పాడవకుండా ఉంటాయి. కారు డిక్కీలో పట్టేస్తాయి, ట్రాలీ ఆటో అక్కర్లేదు. పెద్ద బాక్సులు, బేస్‌లు, యాంప్లిఫయర్లు మాత్రం అద్దెకే తెచ్చుకోండి. బరువు, బండి, రిపేర్లు అన్నీ వాటితోనే. మిక్సర్, మైకులు మనవే అంటే అద్దెలో కొంత తగ్గించమని అడగవచ్చు. దీనికి డిపాజిట్‌లోంచి 80,000 దాటి తీయకండి. మిగతాది ఫీజుకు, ఖాళీ నెలలకు.

కొనేముందు సామాను చూడటం గురించి. మీకు తెలిసిన, అమ్మేవారికి తెలియని ఆపరేటర్‌ను వెంట తీసుకెళ్లండి, ఆయనకు ఒక రోజు కూలీ ఇవ్వండి. మిక్సర్‌లో ప్రతి ఛానెల్ విడివిడిగా వినాలి, ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) కదిపినప్పుడు గరగర వస్తే ధర తగ్గించాలి. కార్డ్‌లెస్ మైకులైతే వెనక రాసిన ఫ్రీక్వెన్సీ చూడండి. 2022 స్పెక్ట్రమ్ (రేడియో తరంగాల) వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మొబైల్ సేవలకు వెళ్లింది. ఆ పరిధిలో పనిచేసే పాత మైకు సరిగ్గా తలంబ్రాల వేళ గురగురలాడవచ్చు. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

విజయవాడ సామాను కాబట్టి ఇంకో ప్రశ్న తప్పనిసరిగా అడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి, దుకాణాల్లోకి నీళ్లు వచ్చినప్పుడు ఈ సెట్ ఎక్కడుంది? మాటతో సరిపెట్టుకోకుండా స్క్రూలు తుప్పు పట్టాయా, మిక్సర్ లోపల మట్టి చార ఉందా చూడండి. మనసు మారి బాక్సులు కూడా కొనాలనిపిస్తే, కింది అంచున ప్లైవుడ్ ఉబ్బిందేమో తడిమి చూడండి. వాట్ల అంకె చెబితే అది నిలకడగా ఇచ్చే ఆర్ఎంఎస్ వాట్లా, క్షణకాలం మాత్రమే అందుకునే పీక్ వాట్లా అని అడగండి. పెద్ద కంపెనీ పేరు అతికించిన స్థానిక బాక్సులు బజారులో కొల్లలు.

అసలు బిల్లు అడగండి, సీరియల్ నంబర్లు బిల్లుతో కలిపి చూడండి. ఎవరికైనా తాకట్టులో ఉందా అన్నదీ రాయించుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద జరిమానా పుచ్చుకున్నవారికే పడుతుంది, ఆ సంగతి అమ్మేవారికి కూడా చెప్పండి.

సొంత సెట్ ఉన్నవారి మీద పడే బరువులు ఇంకో రెండున్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండగలకు ప్రభుత్వం ఇచ్చే సడలింపు అర్ధరాత్రి 12 వరకే, అదీ ఏడాదికి 15 రోజులు మించదు. పెళ్లివారు ‘ఇంకొక్క పాట’ అన్నప్పుడు పోలీసులు వస్తే, ఇప్పటిదాకా వారికి జవాబు చెప్పింది అద్దె సెట్ యజమాని. రెండోది జనరేటర్. దాని త్రీ ఫేజ్ లైనులో న్యూట్రల్ తీగ ఊడితే 230 వోల్టుల చోట 400కు దగ్గరగా రావచ్చు. యాంప్లిఫయర్లు ఒక్క క్షణంలో పోతాయి. మీ చిన్న సామానుకైనా మంచి వోల్టేజి ప్రొటెక్టర్ ఒకటి కొనండి, బీమా ఏజెంటును ఎలక్ట్రానిక్ పరికరాల పాలసీ గురించి అడగండి, అది ఊరూరా తిప్పే సామానుకు వర్తిస్తుందా అన్నది ముందే తేల్చుకోండి.

విజయవాడ ఆయనకు ఫోను చేసి మిక్సర్, మైకులు, మానిటర్ల ధర విడిగా చెప్పమనండి. విడదీసి అమ్మనంటే నెలాఖరు గడువును పోనివ్వండి. ఆషాఢం మధ్యలో మళ్లీ ఒకసారి చేయండి, అప్పుడు ఆయనకూ ఫంక్షన్లు ఉండవు.